తుపాకీ జమ, డ్రైవింగ్ లైసెన్సు, బడి బిల్డింగు: ఏ చట్టం ఎవరిది, ఎవరిని అడగాలి?

ఎన్నికలప్పుడు స్టేషన్‌లో జమ చేసిన తుపాకీ ఎప్పుడు తిరిగిస్తరు? సౌదీలో ఉన్న కొడుకు లైసెన్సు గడువు అయిపోతే ఏం చేయాలి? పిల్లలు చదివే బడి స్లాబు పెచ్చులూడుతుంటే ఎవరి దగ్గరికి పోవాలి?

ఈ మూడింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు కనిపిస్తది. కానీ మూడింట్లోనూ మనవాళ్లు నష్టపోయేది ఒకే కారణంతో. ఏ చట్టం ఢిల్లీది, ఏది హైదరాబాద్‌ది, ఏ సంతకం జిల్లాలోనే దొరుకుతదనేది తెలియక తప్పు ఆఫీసు చుట్టూ తిరుగుతరు. ఆలోపు గడువు దాటిపోతది. చేతిలో రసీదు కూడా ఉండదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల కుటుంబాలు దాచుకుని చూసుకునేలా ఆ వివరాలు ఇక్కడ ఇస్తున్నాం.

ముందు ఎవరి అధికారం ఎంత

రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో మూడు జాబితాలు ఉన్నయి. ఆయుధాలు కేంద్ర జాబితాలో 5వ అంశం. అంటే తుపాకీ లైసెన్సు మీద రాష్ట్ర అసెంబ్లీ చట్టం చేయలేదు. పోలీసు మాత్రం రాష్ట్ర జాబితాలో ఉంది. చట్టం ఢిల్లీది, అమలు మన స్టేషన్‌ది.

మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలో 35వ అంశం. 1988 మోటారు వాహనాల చట్టం పార్లమెంటు చేసింది, లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర రవాణా శాఖ. విద్య మొదట్లో రాష్ట్ర జాబితాలో ఉండేది. 1976లో 42వ సవరణతో ఉమ్మడి జాబితాలోకి, 25వ అంశంగా వచ్చింది. అందుకే బడికి కొంత డబ్బు కేంద్రం నుంచి, కొంత రాష్ట్రం నుంచి వస్తది. ఎవరిని అడగాలన్న అయోమయం అన్నింటికంటే ఎక్కువ ఉండేది కూడా ఇక్కడే.

మన మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా విభజనతో ఏర్పడ్డయి. భూపాలపల్లిలోకి పాత కరీంనగర్, ఖమ్మం జిల్లాల మండలాలు కూడా కొన్ని వచ్చినయి. 2019 ఫిబ్రవరిలో ములుగు దాని నుంచి విడిపోయింది. అంతకుముందు తీసుకున్న కాగితాల మీద వరంగల్ అనే ఉంటది. అవి చెల్లుతయి. రెన్యువల్‌కు, అడ్రస్ మార్పుకు మాత్రం ఇప్పుడు ఏ ఆఫీసు అన్నది చూసుకోవాలి.

1. తుపాకీ: జమ, వాపసు

దీనికి 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నియమాలు వర్తిస్తయి. 2019 డిసెంబరులో వచ్చిన సవరణతో కొన్ని ముఖ్యమైన మార్పులు జరిగినయి.

ఒక మనిషి దగ్గర ఉండగలిగే లైసెన్సు తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. మూడోది ఉన్నవాళ్లు ఏడాదిలోపు పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ జమ చేయాలన్నరు. ఆ గడువు 2020 డిసెంబరుతోనే ముగిసింది. వారసత్వంగా వచ్చిన తుపాకీ కూడా ఈ రెండింటి లెక్కలోనే వస్తది. గుర్తింపు ఉన్న షూటింగ్ క్రీడాకారులకు వేరే నిబంధనలు ఉన్నయి.

లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. లైసెన్సు లేని మామూలు తుపాకీ దొరికితే శిక్ష కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు, దాంతోపాటు జరిమానా. అంతకుముందు ఇది ఒకటి నుంచి మూడేళ్లే. అడవి అంచు ఊళ్లలో తాతల నాటి నాటు తుపాకీ, భర్మార్ ఇంటి మూలన పెట్టుకోవడం చిన్న విషయం అనుకునేవాళ్లు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. "ఎప్పుడూ పేల్చలే" అన్న మాట కోర్టులో పనికిరాదు. లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం.

బారాత్‌లో, వలీమాలో గాల్లోకి కాల్చడాన్ని 2019 సవరణ ప్రత్యేక నేరంగా చేర్చింది. నిర్లక్ష్యంగా కాల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. తుపాకీకి లైసెన్సు ఉన్నా ఇది తప్పదు.

*ఇంటి పెద్ద చనిపోతే.* ఎక్కువ మందికి తెలియనిది ఇదే. లైసెన్సు మనిషికి ఇచ్చేది, ఇంటికి కాదు. నాన్న చనిపోతే ఆ తుపాకీ బీరువాలో ఉన్నంత మాత్రాన కొడుకుది కాదు. 21వ సెక్షన్ ప్రకారం, తుపాకీ దగ్గర ఉంచుకునే హక్కు పోయిన తర్వాత అనవసరంగా ఆలస్యం చేయకుండా దగ్గరి స్టేషన్‌లో గానీ, డీలర్ దగ్గర గానీ జమ చేయాలి. వారసుడు తన పేరు మీద లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. లైసెన్సు వస్తే తుపాకీ తీసుకోవచ్చు. నిర్ణీత కాలంలో ఎవరూ పట్టించుకోకపోతే అది ప్రభుత్వానికి పోతది. పెద్దాయన బతికుండగానే బదిలీ చేయాలంటే 2016 నియమాల్లో దారి ఉంది. ఆయనకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ 25 ఏళ్లుగా ఆయన దగ్గరే ఉన్నా, వారసుడి పేరు మీద లైసెన్సు అడగొచ్చు.

*ఎన్నికలప్పుడు.* కోడ్ రాగానే లైసెన్సు తుపాకులు జమ చేయాలని నోటీసు వస్తది. ఎవరి తుపాకీ జమ చేయించుకోవాలో చూసేందుకు జిల్లాలో స్క్రీనింగ్ కమిటీ ఉంటది. బ్యాంకు కాపలా డ్యూటీ లాంటి కారణం ఉన్నవాళ్లు మినహాయింపు కోసం ఆ కమిటీకి రాసి ఇవ్వాలి. ఎన్నికల సంఘం సూచన ప్రకారం ఫలితాలు వచ్చిన వారం తర్వాత తుపాకులు తిరిగి ఇవ్వాలి. ఉదాహరణకు 2024 లోక్‌సభ ఫలితాలు జూన్ 4న వచ్చినయి. అంటే జూన్ 11 తర్వాత స్టేషన్‌కు పోయి అడగొచ్చన్నమాట. మధ్యలో లైసెన్సు గడువు ముగిస్తే మాత్రం వాపసు ఆగిపోతది. తుపాకీ స్టేషన్‌లో ఉంది కదా అని రెన్యువల్ మరిచిపోవద్దు.

జనగామ జిల్లా వరంగల్ పోలీస్ కమిషనరేట్ పరిధిలో ఉంది. మహబూబాబాద్, భూపాలపల్లిలో ఎస్పీలు ఉంటరు. మీ లైసెన్సు పుస్తకం మీద ఎవరి ముద్ర ఉందో చూసి, రెన్యువల్ దరఖాస్తు ఆ అధికారికే పెట్టాలి. లైసెన్సు సస్పెండ్ చేసినా, రద్దు చేసినా కారణం రాతపూర్వకంగా అడగండి. 18వ సెక్షన్ కింద అప్పీలుకు పోవచ్చు.

జమ చేసేటప్పుడు రసీదులో తుపాకీ రకం, నంబరు, తూటాల సంఖ్య, తేదీ, అధికారి సంతకం, ముద్ర ఉన్నయా లేదా చూసుకోండి. తూటాల లెక్క రాయకపోతే తర్వాత గొడవ అక్కడే మొదలైతది.

2. డ్రైవింగ్ లైసెన్సు: గల్ఫ్‌కు పోయేవాళ్లు, వచ్చేవాళ్లు

మన ఇళ్లల్లో చాలామందికి లైసెన్సే అన్నం పెడుతది. ఆటో, టాటా ఏస్, టిప్పర్, గల్ఫ్‌లో హౌస్ డ్రైవర్, ఏ పనికైనా మొదట అడిగేది అదే.

*గడువు లెక్క.* 2019 సవరణ తర్వాత సొంత బండి లైసెన్సు 30 ఏళ్లలోపు తీసుకుంటే 40 ఏళ్లు నిండే దాకా చెల్లుతది. 30 నుంచి 50 లోపు తీసుకుంటే పదేళ్లు. 50 నుంచి 55 లోపు అయితే 60 ఏళ్లు నిండే దాకా. 55 దాటితే ఐదేళ్లకోసారి రెన్యువల్. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు గడువు ఐదేళ్లు. దానికి కనీస వయసు 20. నలభై దాటినవాళ్లకు, ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకు డాక్టర్ ఇచ్చే ఫారం 1ఏ కావాలి.

*ఏడాది గీత.* రెన్యువల్‌కు గడువు ముగియడానికి ఏడాది ముందు నుంచి, ముగిసిన ఏడాది తర్వాత దాకా దరఖాస్తు చేయొచ్చు. ఆ ఏడాది కూడా దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్టు పాస్ కావాలి. 2019కి ముందు ఈ వెసులుబాటు ఐదేళ్లు ఉండేది. ఆ పాత లెక్క మనసులో పెట్టుకుని, వచ్చినాక చూద్దాంలే అనుకునే గల్ఫ్ కార్మికులే ఎక్కువ నష్టపోతున్నరు. రెండేళ్ల కాంట్రాక్టు మీద పోతున్న మనిషి లైసెన్సు ఇంకో పది నెలల్లో ముగుస్తదనుకుందాం. తిరిగొచ్చేసరికి ముగిసి పద్నాలుగు నెలలు అయితది. టెస్టు తప్పదు. అదే పోయే ముందు రెన్యువల్ చేయించుకుని ఉంటే ఆ బాధ ఉండదు, ఎందుకంటే ఏడాది ముందే చేయించుకునే హక్కు ఉంది. గడువు ముగిసిన తర్వాత బండి నడిపితే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో కూడా చిక్కు వస్తది.

*ఎనిమిదో తరగతి అడ్డం తొలగింది.* ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకు ఎనిమిదో తరగతి పాస్ అయ్యుండాలన్న నియమాన్ని కేంద్రం 2019లో తీసేసింది. ఇప్పటికీ ఎవరైనా బ్రోకర్ ఆ సర్టిఫికెట్ పేరు చెప్పి డబ్బులు అడిగితే ఇవ్వొద్దు.

*కారు లైసెన్సుతో టాటా ఏస్.* 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టత ఇచ్చింది. ఎల్‌ఎంవీ లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని వేరే ఎండార్స్‌మెంట్ లేకుండా నడపొచ్చు. ప్రమాదం జరిగినప్పుడు, లైసెన్సు సరైంది కాదని ఇన్సూరెన్స్ కంపెనీ అంటే ఈ తీర్పు అక్కరకొస్తది.

*పోయేవాళ్లకు.* ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ గడువు ఏడాది, ఫీజు 1,000 రూపాయలు. ఇక్కడి లైసెన్సు చెల్లుబాటులో ఉంటేనే ఇస్తరు. విదేశంలో ఉండగా పర్మిట్ గడువు ముగిస్తే భారత రాయబార కార్యాలయం ద్వారా దరఖాస్తు చేసుకునే వీలు 2021లో కల్పించిన్రు. కానీ ఈ పర్మిట్ ప్రధానంగా సందర్శకుల కోసమే. ఇఖామా వచ్చి అక్కడ నివాసి అయిన తర్వాత ఆ దేశం లైసెన్సే తీసుకోవాలి. పర్మిట్ ఉంటే చాలు, డ్రైవర్ ఉద్యోగం చేసుకోవచ్చని చెప్పే ఏజెంటును నమ్మొద్దు.

*తిరిగొచ్చినవాళ్లకు.* మోటారు వాహనాల చట్టం 9వ సెక్షన్‌లో మనకు పనికొచ్చే మాట ఒకటి ఉంది. ఏ తరగతి వాహనానికి అడుగుతున్నరో దానికి విదేశీ అధికారి ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్లకు, మెడికల్ సర్టిఫికెట్ షరతు మీద, ఇక్కడ డ్రైవింగ్ టెస్టు మినహాయింపు దొరుకుతది. గల్ఫ్ లైసెన్సు అక్కడే వదిలేసి రావొద్దు. గడువు ఉండగానే అసలు కార్డుతో ఆఫీసుకు పోయి, 9వ సెక్షన్ పేరు రాసి దరఖాస్తు పెట్టండి.

*బయటి నుంచి వచ్చినవాళ్లకు.* భూపాలపల్లి బొగ్గు గనుల్లో, చెల్పూరు థర్మల్ కేంద్రం పనుల్లో వేరే రాష్ట్రాల కార్మికులు ఉంటరు. దేశంలో ఏ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సైనా దేశమంతా చెల్లుతది. కొత్తగా ఇక్కడే తీసుకోవాలంటే ఇక్కడ ఉంటున్నట్టు ఆధారం చూపించాలి. పుట్టిన ఊరు ఎక్కడని కాదు, ప్రస్తుతం ఎక్కడ ఉంటున్నరనేదే చట్టం అడుగుతది.

అమెరికాలో ఇది వేరే తీరు. అక్కడ లైసెన్సు చట్టం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. కాలిఫోర్నియా 2015 జనవరి నుంచి, న్యూయార్క్ 2019 డిసెంబరు నుంచి వలస హోదాతో పని లేకుండా లైసెన్సు ఇస్తున్నయి. చాలా రాష్ట్రాలు అట్ల ఇవ్వవు. చదువు కోసం, ఉద్యోగం కోసం పోయిన మన పిల్లల లైసెన్సు గడువు సాధారణంగా వాళ్ల వీసా కాగితాలతో ముడిపడి ఉంటది. ఒక రాష్ట్రంలో ఉన్న స్నేహితుడు చెప్పిన రూలు ఇంకో రాష్ట్రంలో పనిచేయకపోవచ్చు.

మన జిల్లాల కోడ్‌లు: భూపాలపల్లి 25, మహబూబాబాద్ 26, జనగామ 27. 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీఎస్ బదులు టీజీ వస్తున్నది. పాత టీఎస్ నంబర్లు అట్లనే చెల్లుతయి.

3. బడి బిల్డింగు: హక్కు ఎంత, డబ్బు ఎక్కడిది

2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీలో ప్రభుత్వ బడి కూలి ఏడుగురు పిల్లలు చనిపోయిన్రు. ఆ తర్వాత అన్ని రాష్ట్రాలూ బడుల భద్రత తనిఖీ చేయాలని కేంద్ర విద్యా శాఖ చెప్పింది. నిజానికి ఇది కొత్త బాధ్యత కాదు. తమిళనాడులోని కుంభకోణంలో 2004లో జరిగిన అగ్ని ప్రమాదంలో 94 మంది పిల్లలు కాలిపోయిన్రు. ఆ నేపథ్యంలో వేసిన కేసులో 2009లో సుప్రీంకోర్టు, చదువుకునే హక్కులో భద్రమైన బడిలో చదువుకునే హక్కు కూడా ఉందని తేల్చి చెప్పింది.

*చట్టం ఏం ఇవ్వాలంటది.* 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం ప్రతి బడికి ఇవి ఉండాలి: ఒక్కో టీచరుకు కనీసం ఒక తరగతి గది, ఆఫీసు గది, ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరు మరుగుదొడ్లు, మంచినీళ్లు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ గోడ లేదా కంచె, వికలాంగ పిల్లలు ఇబ్బంది లేకుండా రాగలిగే దారి. ఇవి దయతో ఇచ్చేవి కావు. లేకపోతే అడగొచ్చు. మదర్సాలకు మాత్రం ఈ చట్టం వర్తించదని 2012 సవరణలో రాసిన్రు.

*రాష్ట్ర పథకాలు.* 2022 మార్చి 8న మొదలైన మన ఊరు మన బడి కింద 26,065 బడులను మూడు విడతల్లో, 7,289 కోట్లతో బాగుచేస్తమన్నరు. మొదటి విడతకు 9,123 బడులు ఎంపిక చేసిన్రు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చినయి. మహిళా సంఘం నాయకురాలు అధ్యక్షురాలిగా, హెడ్మాస్టర్ కన్వీనర్‌గా ఉంటరు. చిన్న మరమ్మతుల పని ఈ కమిటీ ద్వారానే జరుగుతది. అందులో మన బస్తీ తల్లులు ఉన్నరా లేదా అనేది అందుకే ముఖ్యం. పిల్లలను బడికి పంపుతున్న అమ్మలు సమావేశానికి పోకపోతే, ఏ గది ముందు బాగుచేయాలో వేరేవాళ్లు నిర్ణయిస్తరు.

*మైనారిటీ గురుకులాలు.* 2016-17లో 71 బడులతో మొదలై తర్వాత 204కు పెరిగినయి. సీట్లు వచ్చినంత వేగంగా సొంత బిల్డింగులు రాలేదు. చాలావరకు అద్దె భవనాల్లోనే నడుస్తున్నయి. 2024 అక్టోబరులో అద్దె బకాయిలు రాలేదని కొన్నిచోట్ల యజమానులు గురుకులాల గేట్లకు తాళాలు వేసిన్రు. దసరా సెలవులు అయిపోయి వచ్చిన పిల్లలు బయట నిలబడాల్సి వచ్చింది. అదే నెల 11న ప్రభుత్వం యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ గురుకులాలకు శంకుస్థాపన చేసింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలు ఒకే ప్రాంగణంలో, 20 నుంచి 25 ఎకరాల్లో చదువుకునేలా కడతమన్నరు. అవి పూర్తయ్యే దాకా అద్దె భవనంలో ఉన్న పిల్లల సంగతి మర్చిపోవద్దు. ఒక బాత్‌రూమ్‌కు ఎంతమంది పిల్లలు, నీళ్లు ఎన్ని గంటలు వస్తున్నయి, మంటలొస్తే బయటికి రెండో దారి ఉందా? తల్లిదండ్రుల సమావేశంలో ఈ మూడూ అడగండి.

*కేంద్రం డబ్బు.* ప్రధానమంత్రి జన్ వికాస్ కార్యక్రమం కింద మైనారిటీలు ఎక్కువగా ఉన్న చోట్ల బడులు, హాస్టళ్లు, అదనపు గదులు కట్టొచ్చు. 2008లో వేరే పేరుతో మొదలైన ఈ పథకానికి 2018లో ఈ పేరు పెట్టిన్రు. 2022-23 నుంచి అన్ని జిల్లాలకూ వర్తిస్తది. పని జరిగే ప్రాంతంలో మైనారిటీ జనాభా 25 శాతం ఉండాలన్నది ముఖ్యమైన షరతు. ప్రతిపాదన జిల్లా కమిటీ నుంచి రాష్ట్రానికి, అక్కడి నుంచి ఢిల్లీకి పోతది. జిల్లాలో ఎవరూ ప్రతిపాదన పెట్టకపోతే ఢిల్లీలో డబ్బు ఉన్నా రాదు. కాబట్టి మసీదు కమిటీ పెద్దలు, బడి తల్లిదండ్రులు కలిసి జిల్లా మైనారిటీ సంక్షేమ అధికారికి రాసి ఇవ్వాలి.

భూపాలపల్లికి ఇంకో దారి కూడా ఉంది. గనులున్న జిల్లాలో మైనింగ్ సంస్థలు కట్టే సొమ్ముతో జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధి ఉంటది. ఆ నిధి ఖర్చులో విద్య అధిక ప్రాధాన్య రంగం. గనుల దుమ్ము పీల్చే ఊళ్ల బడికి ఆ నిధి నుంచి గదులు అడగడం న్యాయమైన కోరిక.

రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి

తుపాకీ అయినా, లైసెన్సు అయినా, బడి అయినా నోటిమాటతో పని కాదు. దరఖాస్తు రెండు కాపీలు తీయండి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద తేదీ, ముద్ర వేయించుకోండి. ఉర్దూ 2017 నుంచి తెలంగాణ అంతటా రెండో అధికార భాష. తెలుగు రాయడం రాని పెద్దలు ఉర్దూలోనే రాసి ఇవ్వొచ్చు.

జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. గ్రామ స్థాయి ఆఫీసులో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు వాళ్లకు ఫీజు మినహాయింపు. 30 రోజుల్లో జవాబు రావాలి. "మా బడి ఎందుకు బాగుచేయలేదు" అని అడిగితే జవాబు దాటవేస్తరు. "ఫలానా బడికి 2022 నుంచి ఇప్పటిదాకా ఎంత మంజూరైంది, ఎంత ఖర్చు పెట్టిన్రు, బిల్లుల కాపీలు ఇవ్వండి" అని అడిగితే తప్పించుకోలేరు.

ఇంట్లో ఒక ఫైలు పెట్టి అందులో మూడు తేదీలు రాసి పెట్టుకోండి: తుపాకీ లైసెన్సు ఉంటే దాని గడువు, ఇంట్లో ప్రతి డ్రైవర్ లైసెన్సు గడువు, బడి కమిటీ తర్వాతి సమావేశం తేదీ. మొదటి రెండూ మరిచిపోతే డబ్బు, తిరుగుడు నష్టం. మూడోది మరిచిపోతే ఆ నష్టం పిల్లల నెత్తి మీద పడుతది.